1966 సీ10: బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్... ముందు దేని మీద చెయ్యి వేయాలి?

పాతఇనుము66:
నా దగ్గర 1966 షెవర్లే సీ10 పికప్ ట్రక్ ఉంది. పాత ఓనరే ఆరు సిలిండర్ల ఇంజన్ తీసేసి 350 వీ8 పెట్టాడు, అది బాగానే నడుస్తోంది, దాని జోలికి వెళ్లను. కింద ఉన్నదంతా మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) ఒకే గదిది, పవర్ స్టీరింగ్ లేదు. హైవే ఎక్కితే స్టీరింగ్ మధ్యలో రెండు మూడు వేళ్ల మేర తిప్పినా బండి కదలదు, ఆ తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంది. బ్రేక్ గట్టిగా తొక్కితే ఎడమకి లాగుతుంది. నీళ్లలోంచి వచ్చాక తొక్కే మొదటి బ్రేక్ పట్టుకుంటుందో లేదో అని టెన్షన్. బండిని కాస్త కిందికి దించాలని కూడా కోరిక, ఈ మోడల్‌కి ఆ అందమే వేరు. అన్నీ ఒకేసారి కొనలేను కాబట్టి ఏ వరసలో వెళ్లాలో చెప్పండి. ముందు డిస్కులు వేస్తే ఇప్పుడున్న ఆరు బోల్టుల చక్రాలు పనికొస్తాయా అన్నది ఇంకో సందేహం.

డ్రమ్‌నుంచిడిస్క్:
బ్రదర్, ఇందులో ఆలోచించేదేమీ లేదు, ముందు బ్రేకులే. ఒకే గది మాస్టర్ సిలిండర్ అంటే ఎక్కడో ఒక్క గొట్టం పగిలినా, ఒక్క వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో డ్రమ్ లోపలి షూలని నెట్టేది) కారినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. 1967 మోడల్ నుంచి ముందుకీ వెనక్కీ వేరువేరు గదులు ఇచ్చింది ఇందుకే. డిస్కులకి డబ్బు కుదిరేదాకా ఆగినా పర్లేదు గానీ, రెండు గదుల మాస్టర్ మాత్రం ఆపొద్దు.

ఎడమకి లాగుతోందంటే కుడివైపు సరిగ్గా పట్టడం లేదని అర్థం, కాబట్టి ముందు కుడి డ్రమ్ విప్పండి. వీల్ సిలిండర్ చివర ఉన్న రబ్బరు టోపీ అంచుని సన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా పైకెత్తి చూడండి. లోపల తడిగా ఉంటే అది కారుతున్నట్టే, షూల మీదికి కూడా చేరి ఉంటుంది. అది పొడిగా ఉంటే రబ్బరు హోస్ మీద అనుమానం పెట్టుకోండి. ఇన్నేళ్ల హోస్ పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉంటుంది. మూడు హోసులూ కలిపి మార్చేయండి, అవేం పెద్ద ఖర్చు కాదు.

ఇక డిస్కులు. సీ10కి ముందు డిస్కులు 1971లో కంపెనీ నుంచే వచ్చాయి. అందుకే చాలామంది 1971-72 బండి ముందు క్రాస్‌మెంబర్‌ని (ఫ్రేమ్‌కి అడ్డంగా ఉండే దూలం) కంట్రోల్ ఆర్ములూ (చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే చేతులు) స్పిండిల్సూ (చక్రం బిగించే ఇరుసు ముక్కలు) సహా మొత్తంగా తెచ్చి పాత ఫ్రేమ్‌కి బిగిస్తారు. కానీ ఆ ఏడాది నుంచే చక్రం ఐదు బోల్టులకి మారింది, 5 అంగుళాల వృత్తం. మీది ఆరు బోల్టులు, 5.5 అంగుళాలు. అలా చేస్తే ముందు ఐదు, వెనక ఆరు, రెండు రకాల స్పేర్ పెట్టుకు తిరగాలి, లేదా వెనక యాక్సిల్ కూడా మార్చాలి. ఆరు బోల్టుల రోటర్లతో (అంటే డిస్కులు) వచ్చే కిట్లు ఉన్నాయి, మీ చక్రాలు ఉంచుకోవాలంటే అదే దారి. అయితే చక్రం 15 అంగుళాలకి తగ్గకూడదు, క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్కుని నొక్కి పట్టేది) రిమ్‌కి తగులుతుంది. కిట్ కొనేముందు ఎంత ఖాళీ కావాలో కొలత అడిగి తీసుకోండి.

వెనక డ్రమ్ములు ఉండనివ్వండి. ఆగేటప్పుడు బరువంతా ముందుకే వస్తుంది, పికప్‌లో ఖాళీ బెడ్ అయితే ఇంకా ఎక్కువ. అందుకే ముందు డిస్క్, వెనక డ్రమ్ కోసం చేసిన కాంబినేషన్ వాల్వ్ (ముందు వెనక బ్రేకుల ఒత్తిడిని సర్దేది) తప్పనిసరి, అది లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి అడ్డం తిరుగుతుంది. డ్రమ్ముల మాస్టర్‌నే డిస్కులకి వాడొద్దు, డ్రమ్ముల కోసం లైన్‌లో సుమారు 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వ్ దానిలో ఉంటుంది, దానితో ప్యాడ్లు ఎప్పుడూ రోటర్‌ని రాసుకుంటూనే ఉంటాయి.

ఎఫ్100_అభిమాని:
పైన చెప్పినవాటికి రెండు మాటలు కలుపుతాను. బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచేది) కొనేముందు ఐడిల్‌లో ఇంజన్ వాక్యూమ్ గేజ్ పెట్టి చూడండి. పాత ఓనర్ ఆ 350లో పెద్ద క్యామ్ (వాల్వులని తెరిచే షాఫ్ట్) వేసి ఉంటే వాక్యూమ్ తగ్గిపోతుంది. గేజ్ 18 అంగుళాల (పాదరసం లెక్కలో) దగ్గర చూపిస్తే నిశ్చింత, బాగా తక్కువ ఉంటే బూస్టర్ ఉండీ లేనట్టే. అప్పుడు బూస్టర్ లేకుండా చిన్న బోర్ మాస్టర్‌తో వెళ్లడం మేలు. బోర్ చిన్నదైతే అదే కాలి బలానికి ప్రెషర్ ఎక్కువ వస్తుంది, పెడల్ మాత్రం కాస్త ఎక్కువ దూరం దిగుతుంది.

ఇంకోటి, నాది 1955 ఫోర్డ్ ఎఫ్-100, దాని మాస్టర్ ఫ్లోర్ కింద ఉంటుంది. ఇది చదివేవాళ్లలో అలాంటి బండి ఉన్నవాళ్లు డిస్కుల లైన్‌లో 2 పీఎస్ఐ వాల్వ్ పెట్టుకోవాలి, లేకపోతే ఆయిల్ క్యాలిపర్లలోంచి వెనక్కి జారి మొదటి తొక్కుకి పెడల్ కిందికి పోతుంది. 66 సీ10కి మాస్టర్ పైన ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీదే ఉంది కాబట్టి ఆ బాధ లేదు.

టైరాడ్:
స్టీరింగ్ సంగతి నేను చెప్తాను. పవర్ స్టీరింగ్ గేర్ బాక్స్ కొంటే ప్లే (ఆ వదులు) పోతుందని చాలామంది అనుకుంటారు, అరిగిన జాయింట్ల మీద ఏ బాక్స్ పెట్టినా ప్లే అలాగే ఉంటుంది. ఇంజన్ ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, ఎవరినైనా స్టీరింగ్‌ని అటూ ఇటూ కొద్దిగా ఊపమని మీరు కింద పడుకుని చూడండి. బాక్స్‌లోకి వెళ్లే షాఫ్ట్ తిరుగుతూ పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ నుంచి బయటికి వచ్చే కడ్డీ) కదలకపోతే తప్పు బాక్స్‌ది. పిట్‌మన్ కదిలి చక్రం కదలకపోతే టై రాడ్ ఎండ్లు (చక్రాలని తిప్పే కడ్డీల చివరి జాయింట్లు), ఐడ్లర్ ఆర్మ్ (పిట్‌మన్‌కి అవతలి వైపు ఆ కడ్డీని మోసేది) ఒక్కోదాని మీద చెయ్యి వేసి చూడండి, వదులు వేళ్లకే తెలుస్తుంది. బాల్ జాయింట్ (కంట్రోల్ ఆర్మ్‌కీ స్పిండిల్‌కీ మధ్య జాయింట్) చూడాలంటే జాకీ ఫ్రేమ్ కింద కాదు, కింది కంట్రోల్ ఆర్మ్ కింద పెట్టాలి. స్ప్రింగ్ ఆ ఆర్మ్ మీదే కూర్చుంటుంది కాబట్టి జాయింట్ మీది బరువు తీస్తేగానీ వదులు బయటపడదు. అక్కడున్నప్పుడే బాక్స్ బిగించిన చోట ఫ్రేమ్‌ని వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి పగుళ్లు వెతకండి.

బాక్స్ పైన ఉన్న అడ్జస్ట్ స్క్రూ బిగించి ప్లే తగ్గించొచ్చు, చక్రాలు నిటారుగా ఉన్నప్పుడే, అదీ కొంచెం కొంచెంగా. ఎక్కువ బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, లోపల గేర్లు అరిగిపోతాయి. పవర్ స్టీరింగ్ వేశాక అలైన్‌మెంట్ వాడికి పాత బుక్ లెక్క ఇవ్వొద్దు. ఆ లెక్క పవర్ లేని స్టీరింగ్‌కి, అప్పటి బయాస్ టైర్లకి. ఇప్పటి రేడియల్ టైర్ల మీద క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం మలిగే ఇరుసు వాలు) 3 నుంచి 4 డిగ్రీలు పాజిటివ్, అంటే వెనక్కి, వస్తే బండి హైవే మీద గీత గీసినట్టు పోతుంది.

రెండంగుళాలుకిందికి:
దించే పని చివర్లో పెట్టుకోండి అన్నా, కానీ డిస్కులు కొనేటప్పుడే దాని గురించి ఆలోచించాలి, ఎందుకంటే 2.5 అంగుళాలు బండిని దించే డ్రాప్ స్పిండిల్స్‌తో కలిపి కూడా డిస్క్ కిట్లు వస్తాయి. స్ప్రింగులు కోయడం కంటే ఇది వంద రెట్లు నయం, కంట్రోల్ ఆర్ముల కోణం మారకుండా బండి దిగుతుంది, టై రాడ్ల లెక్క చెడదు కాబట్టి గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ దానంతట అది లాగదు.

వెనక మీది కాయిల్ స్ప్రింగులూ ట్రెయిలింగ్ ఆర్ములూ (యాక్సిల్‌ని ముందు ఫ్రేమ్‌కి కలిపే పొడుగు చేతులు). యాక్సిల్ పక్కకి పోకుండా పట్టుకునే ప్యానార్డ్ రాడ్ కంపెనీది చాలా పొట్టి, అందుకే గుంతల్లో వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. దించాక యాక్సిల్ ఒకవైపుకి జరిగి ఒక టైరు ఫెండర్ లోపలికి, ఇంకోటి బయటికి కనిపిస్తుంది. పొడుగు ప్యానార్డ్ రాడ్ వేస్తే రెండూ పోతాయి. దించకపోయినా సరే అది వేయించుకోమంటాను, అంత తేడా ఉంటుంది. షాకులు కూడా కొత్త ఎత్తుకి తగ్గ పొడవువి కావాలి.

బుష్‌ల (జాయింట్లలో ఉండే మెత్తటి తొడుగులు) విషయంలో ట్రెయిలింగ్ ఆర్ముల ముందు చివర రబ్బరే ఉంచండి, ఆ ఆర్ములు మెలితిరగాలి, గట్టి పాలీయురేథేన్ అక్కడ వద్దు. రబ్బరు బుష్‌ల బోల్టులు బండి బరువు చక్రాల మీదికి దింపాకే ఫైనల్‌గా బిగించండి, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలికపడి త్వరగా చిరుగుతుంది. ముందు స్ప్రింగ్ తీసేటప్పుడు కంప్రెసర్ లేకుండా చెయ్యి పెట్టొద్దు, అది ఎగిరితే ప్రాణం మీదికి వస్తుంది.

పాతఇనుము66:
అందరికీ థ్యాంక్స్. కుడి డ్రమ్ విప్పాను, టోపీ కింద తడే, షూ సగం నల్లగా నానింది. రెండు గదుల మాస్టర్, ఆరు బోల్టుల డిస్కులు, డ్రాప్ స్పిండిల్స్ కలిపి తీసుకుంటున్నా, దాంతోపాటే టై రాడ్ ఎండ్లు కూడా. పవర్ బాక్స్, వెనక దించడం తర్వాత. గాలి తీసేటప్పుడు ప్రత్యేకంగా చూసుకోవాల్సిందేమైనా ఉందా?

డ్రమ్‌నుంచిడిస్క్:
మాస్టర్‌ని బండికి బిగించకముందే బల్ల మీద పెట్టి గాలి తీయండి. క్యాలిపర్ల బ్లీడర్ నిప్పుల్స్ (గాలి బయటికి వదిలే స్క్రూలు) రెండూ పైకి ఉండాలి. కుడిది ఎడమకి వేస్తే నిప్పుల్ కిందికి వస్తుంది, ఎంత ఆయిల్ పోసినా పైన గాలి ఉండిపోతుంది. మాస్టర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. అంతా అయ్యాక కూడా పెడల్ ఎక్కువ దిగితే వెనక డ్రమ్ములు అడ్జస్ట్ చేయండి, షూ కొద్దిగా రాసుకునేదాకా. లైన్లు కొత్తగా వేస్తే చివరలు డబుల్ ఫ్లేర్ (అంచుని రెండు మడతలుగా విప్పడం) చేయించాలి, బ్రేక్ లైన్‌కి కంప్రెషన్ జాయింట్ ఎక్కడా పెట్టొద్దు. రోడ్డెక్కేముందు బండి నిలిపి ఉంచి, పెడల్‌ని ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోండి. మెల్లగా దిగుతుంటే ఎక్కడో కారుతోంది, ప్రతి జాయింట్ కిందా పొడి గుడ్డతో తుడిచి చూడండి.