బొడ్డుతాడు కట్ చేశాక పాలు పడేదాకా బిడ్డకి శక్తి ఎక్కణ్ణుంచి?

ఎనిమిదోనెల:
నాకిప్పుడు 34వ వారం. మొదటిరోజు ముర్రుపాలు చెంచాడు వచ్చినా చాలు, కంగారు పడకు అని అందరూ అంటున్నారు, ఎలా చాలుతుందో మాత్రం ఎవరూ చెప్పట్లేదు. లోపలున్నన్నాళ్లూ బొడ్డుతాడు నుంచి వస్తూనే ఉంటుంది కదా, అది కట్ చేశాక పాలు బాగా పడడానికి రెండు మూడు రోజులు పడుతుందట, అప్పటిదాకా దేనిమీద నెట్టుకొస్తుంది? లోపలే ఏమైనా దాచుకుంటుందా?

నైట్‌డ్యూటీ నర్స్:
దాచుకుంటుందండీ, అదీ ఎక్కువగా ఈ చివరి వారాల్లోనే. మీ రక్తంలో గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకి వెళ్తుంది, మీ ఇన్సులిన్ మాత్రం దాటదు, బిడ్డ ఇన్సులిన్ బిడ్డే తయారుచేసుకోవాలి. ఖర్చు కాగా మిగిలిన గ్లూకోజ్‌ని గ్లైకోజెన్‌గా మార్చి లివర్లో, కండల్లో, గుండెలో పెట్టుకుంటుంది. ఇందులో రక్తంలోకి గ్లూకోజ్‌గా తిరిగొచ్చేది లివర్లోదే, కండల్లోది కండలకే. గుండెలోది కాన్పప్పుడు అక్కరకొస్తుంది, నొప్పి వచ్చినప్పుడల్లా ఆక్సిజన్ కాస్త తగ్గుతుంది కదా, అప్పుడు గుండెకి అదే ఆసరా.

తాడు కట్ చేశాక గంట రెండు గంటల్లో బిడ్డ షుగర్ కిందికి దిగుతుంది, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకైనా ఇది మామూలే. ఆపాటికే అడ్రినలిన్, గ్లూకగాన్ అనే హార్మోన్లు పెరిగి ఇన్సులిన్ తగ్గి లివర్ నిల్వ కరగడం మొదలైపోతుంది. కాకపోతే పాలు పట్టకపోతే ఆ నిల్వ సుమారు 12 గంటల్లోనే చాలావరకు ఖాళీ, అందుకే చుక్కలే వచ్చినా మొదటి గంటలోనే రొమ్ముకి పెట్టమని వెంటపడతాం.

పాతనోట్సు:
నర్సుగారు చెప్పింది జేబులో చిల్లర, అసలు ఆస్తి కొవ్వు. 28 వారాలప్పుడు బిడ్డ బరువులో కొవ్వు 3-4 శాతమే ఉంటుంది, నెలలు నిండేసరికి 12 శాతం దాటుతుంది, అంటే మూడు కిలోల బిడ్డలో దాదాపు 400 గ్రాములు, గ్రాముకి 9 కేలరీల లెక్కన 3,600 కేలరీలు. అది కరిగితే లివర్ కీటోన్లు తయారుచేస్తుంది, గ్లూకోజ్ తక్కువున్నప్పుడు మెదడు వాటిని కూడా వాడుకుంటుంది. ఇది కాక మెడ చుట్టూ, రెండు రెక్కల మధ్య, కిడ్నీల దగ్గర బ్రౌన్ ఫ్యాట్ అని వేరే ఉంటుంది, అది వేడి పుట్టించడానికే. పసిబిడ్డ మనలాగా గజగజ వణికి ఒళ్లు వేడి చేసుకోలేదు, చలేస్తే ఈ కొవ్వునే కాలుస్తుంది, దాంతోపాటు గ్లూకోజూ ఖర్చవుతుంది. పుట్టగానే తుడిచి తల్లి ఛాతీమీద పడుకోబెట్టేది ఊరికే కాదన్నమాట.

రెండోసారి అమ్మ:
మరి నాకు ప్రెగ్నెన్సీలో షుగర్ ఉండేది, బాబు నాలుగు కిలోలు, బొద్దుగా పుట్టాడు. అయినా వాడి మడమ గుచ్చి గుచ్చి షుగర్ చూశారు, పక్క బెడ్ సన్నపాపని ఒక్కసారీ గుచ్చలేదు. అంత నిల్వ ఉన్నోడికి భయమెందుకు?

నైట్‌డ్యూటీ నర్స్:
నిల్వ ఉంది, బయటికి రాదు, అదే తంటా. మీ షుగర్ ఎక్కువున్నప్పుడు వాడికీ ఎక్కువే వెళ్లింది, దానికి తగ్గట్టు వాడి ఇన్సులిన్ కూడా పెరిగింది. తాడు కట్ అయ్యాక గ్లూకోజ్ ఆగిపోయింది గానీ ఇన్సులిన్ వెంటనే తగ్గదు, అది ఉన్నంతసేపు లివర్ గ్లైకోజెన్‌ని వదలనివ్వదు, కొవ్వునీ కరగనివ్వదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, కడుపులో సరిగ్గా ఎదగనివాళ్లది వేరే కథ, వాళ్లకి నిల్వే తక్కువ. ఈ ముగ్గురినీ మేం గుచ్చి చూస్తాం. పక్క బెడ్ పాప సన్నగా కనిపించినా నెలలు నిండి బరువు సరిపోయి ఉంటుంది లెండి. ఎనిమిదోనెల గారూ, ఏ బిడ్డైనా సరే పాలు తాగకుండా మగతగా పడుంటే, చేతులు అదురుతుంటే అర్ధరాత్రైనా మొహమాటపడకుండా మమ్మల్ని లేపండి.