పారిస్–బార్సిలోనా రైలు: పాస్ మీద తీసుకున్న సీట్ల తేదీ మార్చుకోవచ్చా?

అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. వాళ్లకు యూరైల్ పాస్‌లు (యూరప్ బయట ఉండేవాళ్లు అక్కడి చాలా దేశాల రైళ్లలో తిరగడానికి తీసుకునేవి) తీసుకున్నాను. నేను జర్మనీలో ఉంటాను కాబట్టి నాది ఇంటర్‌రైల్, అంటే యూరప్‌లో ఉండేవాళ్లకు ఇచ్చే అలాంటి పాసే. ముగ్గురం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్, అక్కడి నుంచి బార్సిలోనా, ఆ తర్వాత మాడ్రిడ్ వెళ్లాలని అనుకున్నాం.

జర్మనీ లోపల ఐసీఈ అనే హైస్పీడ్ రైలుకు పాస్ ఉంటే చాలు, సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు. ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు టీజీవీకి, స్పెయిన్ హైస్పీడ్ రైలు ఏవీఈకి మాత్రం పాస్ ఉన్నా సీటు విడిగా కొనాల్సిందే. అందులోనూ టీజీవీలో పాస్ ఉన్నవాళ్లకు ఇచ్చే సీట్లు పరిమితం. రైలు సగం ఖాళీగా ఉన్నా మనకు లేవనవచ్చు. మన దగ్గర తత్కాల్ అయినా ఉంటుంది!

పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి బార్సిలోనా సాంట్స్ స్టేషన్‌కు మూడు సీట్లు ముందే తీసుకున్నాను. ఇప్పుడు నాన్నగారి వైద్య పరీక్ష వల్ల ప్రయాణం రెండు రోజులు వాయిదా పడింది. సీట్లు అమ్మిన వెబ్‌సైట్‌లో రద్దు తప్ప తేదీ మార్పు కనిపించడం లేదు. ఫోను ఎవరూ ఎత్తడం లేదు.

పాస్ రిజర్వేషన్‌కు తేదీ మార్పు ఉంటుందా, లేక రద్దు చేసి మళ్లీ కొనాలా? పారిస్ స్టేషన్ కౌంటర్‌లో వేరేచోట కొన్నవాటిని మారుస్తారా? పాస్ సీట్లు అయిపోతే, స్పెయిన్ సరిహద్దుకు దగ్గరున్న ఫ్రాన్స్ ఊరు పెర్పిన్యాన్ దగ్గర రైలు మారి వెళ్లిన అనుభవం ఎవరికైనా ఉందా? అమ్మకు మోకాళ్ల నొప్పి, సామానుతో మెట్లు ఎక్కలేదు.