నైట్ షిఫ్టు వారం వస్తే తిండి, నిద్ర, సిగరెట్ అన్నీ అదుపు తప్పుతున్నాయి, ఏం చేయాలి?

మూడోషిఫ్ట్:
మాకు వారానికో షిఫ్టు మారుతుంది. పగటి డ్యూటీ ఉన్నప్పుడు నడకకి వెళ్తాను, సిగరెట్లు ఒకటీ రెండుతో సరి. నైట్ వచ్చిందంటే మిషన్ దగ్గర కళ్లు మూతలు పడుతుంటాయి, టీ తాగుతాను, దాని వెంటే సిగరెట్, నాలుగింటికి ఏదో ఒక చిరుతిండి ప్యాకెట్, తీరా ఇంటికెళ్తే నిద్ర పట్టదు. ఇంట్లోవాళ్లు నీకు పట్టుదల లేదంటున్నారు. నిజంగా అంతేనా?

వార్డునర్సు:
పట్టుదల సంగతి పక్కన పెట్టండి. తెల్లవారుజామున నాలుగైదింటికి ఒంటి ఉష్ణోగ్రత, చురుకుదనం రెండూ బాగా పడిపోతాయి, ఆ టైమ్‌లో మెలకువగా ఉండాలంటే ఎవరికైనా ఏదో ఒక ఆసరా కావాలి. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, అదీ తీపి, నూనె సరుకు మీదకే పోతుంది. అదే భోజనం పగలు తిన్నప్పటికంటే రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది కూడా. నేనైతే డ్యూటీ ఎక్కేముందే కడుపునిండా తినేస్తాను, అర్ధరాత్రి దాటాక ఆకలేస్తే కొంచెమే. టీ షిఫ్టు మొదటి సగంలోనే. టీలో ఉండే కెఫీన్ దాదాపు ఐదు గంటల తర్వాత కూడా సగం ఒంట్లోనే ఉంటుంది, నాలుగింటి టీ మిమ్మల్ని తొమ్మిదింటికి ఎలా పడుకోనిస్తుంది చెప్పండి?

కంట్రోల్‌రూమ్:
ముందు నిద్ర చూసుకో తమ్ముడూ, మిగతావి దాని వెనకే వస్తాయి. పొద్దున ఎండ కళ్లలో పడితే నిద్ర తెప్పించే హార్మోన్ మెలటోనిన్ తగ్గిపోయి ఒళ్లు పగలనుకుంటుంది. బస్సులోనో ఇంకొకరి బండి మీదో వస్తుంటే నల్లద్దాలు పెట్టుకో, నిద్ర ముంచుకొస్తుంటే మాత్రం నువ్వు బండి నడపొద్దు. గదికి మందం కర్టెన్, ఫోన్ సైలెంట్. ఇంకోటి, సిగరెట్‌లో నికోటిన్ కూడా నిద్ర చెడగొట్టేదే, షిఫ్టు చివర్లో కాల్చేది ముందు మానెయ్.

యూనియన్_మనిషి:
అందరూ మనిషినే సర్దుకోమంటున్నారు, షిఫ్టు చార్టు గురించి ఎవరూ అడగరేం? మీకు షిఫ్టులు ఏ వరసలో మారతాయి?

మూడోషిఫ్ట్:
నైట్ తర్వాత సెకండ్, అంటే మధ్యాహ్నం షిఫ్టు, ఆ తర్వాత ఫస్ట్, అంటే పొద్దుటి షిఫ్టు.

యూనియన్_మనిషి:
అదే వెనక్కి తిరగడమంటే. ఫస్ట్, సెకండ్, నైట్ అని ముందుకి తిప్పితే చాలామంది ఒంటికి తేలిగ్గా ఉంటుంది, ఎందుకంటే తొందరగా పడుకోవడంకన్నా ఆలస్యంగా పడుకోవడం సులువు. మేం ముందుగా అడిగి మార్పించుకున్నది అదే. రాత్రి పని చేసేవాళ్లు కోరితే ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లో చేసిన 171వ ఒప్పందం చెబుతుంది. అన్ని దేశాలూ ఒప్పుకోలేదు గానీ మేనేజ్‌మెంట్ ముందు పెట్టడానికి గట్టి కాగితం. 2007లోనూ మళ్లీ 2019లోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది, ఇది మీ ఒక్కరి అలవాట్ల గొడవ కాదు. ఒక్కరే వెళ్లకండి, మీ షిఫ్టులో నలుగురు సంతకాలు పెట్టి అడగండి.