అందరూ ఆహా ఓహో అన్న హెడ్‌ఫోన్ నా తలకి పడలేదు, మీ అనుభవాలు చెప్పండి

నెమలిఈక:
అందరికీ నమస్తే అండి, పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. రెండేళ్లు ఆగి ఆగి ఒక ప్లానార్ హెడ్‌ఫోన్ (అయస్కాంతాల పక్కన పల్చటి పొర కదిలి సౌండ్ వచ్చే రకం) కొన్నా. కంపెనీ పేరు వద్దులెండి. అప్పట్లో ఎక్కడ చూసినా దాని గురించే, రివ్యూలు చేసేవాళ్లంతా ఇది కొన్నాక ఇంకోటి వెతుక్కోనక్కర్లేదు అన్నారు. సౌండ్ విషయంలో వాళ్లు చెప్పింది నిజమే, మొదటిరోజు రాత్రి ఒక వయొలిన్ రికార్డింగ్ పెట్టుకుంటే కమాను తీగ మీద పడే ముందు వాయించేవాళ్ల ఊపిరి కూడా వినపడింది, ఆ పాటే నాలుగుసార్లు విన్నా.

కానీ దాని బరువు 600 గ్రాములు పైన. ముప్పావుగంట అయ్యేసరికి నడినెత్తి మీద ఒకేచోట నొప్పి మొదలయ్యేది, గంటకి మెడ పట్టేసేది. అలవాటైపోద్దిలే అని చాలామంది చెప్పారు, మూడు నెలలు చూశా, అవ్వలేదు. ఒకరోజు గమనిస్తే పాట మధ్యలో తీసి పక్కన పెట్టేస్తున్నా, ఆల్బమ్ మొత్తం విని ఎన్ని రోజులైందో గుర్తురాలేదు. పోయిన నెల అమ్మేశా. ఇప్పుడు మళ్లీ పాతదే, 250 గ్రాములది పెట్టుకుంటున్నా, డీటెయిల్ తగ్గిందన్నది వాస్తవం, కానీ రాత్రి కూర్చుంటే రెండు ఆల్బమ్‌లు అయిపోతున్నాయి.

సౌండ్ నచ్చి కూడా వదులుకున్నవాళ్లు ఇంకెవరన్నా ఉన్నారా? కొనేముందు సుఖంగా ఉంటదా లేదా అనేది మీరెలా తేల్చుకుంటారు?

కళ్లజోడు_23:
ఉన్నానండి, కాకపోతే నా బాధ బరువు కాదు, కళ్లజోడు. ఒక క్లోజ్డ్ బ్యాక్ (వెనక మూసి ఉండే హెడ్‌ఫోన్) తీసుకున్నా, బేస్ గుండెల్లోకి దిగుద్ది అని రాశారు అందరూ, నాకేమో డొల్లగా వినపడింది, పీస్ పాడైందేమో అనుకుని మార్పించా కూడా, రెండోదీ అంతే. నెల తర్వాత నిద్రపోయే ముందు కళ్లజోడు తీసి విన్నా, అప్పుడొచ్చింది బేస్! ఏం జరుగుతుందంటే జోడు కాడ దగ్గర ప్యాడ్‌కీ చర్మానికీ మధ్య సందు పడుద్ది, క్లోజ్డ్ వాటికి ఆ సీల్ పోతే ముందు పోయేది కింది బేసే. రివ్యూ చేసినాయనకి కళ్లజోడు లేదు, ఆయన విన్నది వేరు నేను విన్నది వేరు.

ఇంకోటి, గంట దాటితే జోడు కాడ చెవి వెనక ఎముకలోకి గుచ్చుకుంటది. నాకు పనిచేసినవి రెండు, సన్నటి మెటల్ కాడలున్న ఫ్రేమ్‌కి మారడం, లెదర్ ప్యాడ్ తీసి మెత్తటి వెలూర్ ప్యాడ్ వేయడం. వెలూర్ వేశాక బేస్ ఇంకొంచెం తగ్గింది, దాన్ని ఈక్వలైజర్‌లో పెంచుకున్నా.

సోల్డర్_వాసన:
నెమలిఈక గారూ, బరువు అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 కేబుల్ లేకుండా 260 గ్రాములు, హెచ్‌డీ 800 ఎస్ 330, ఫోకల్ యుటోపియా 490, ఆడెజ్ ఎల్‌సీడీ-ఎక్స్ 612. ప్లానార్ బరువెక్కడానికి కారణం అయస్కాంతాలు, పల్చటి పొరకి ఒకవైపో రెండువైపులో వరసగా పేరుస్తారు కదా, ఆ లోహం ఎక్కడికి పోద్ది. అయితే అదే బరువు నెత్తి మీద వెడల్పాటి పట్టీ మీద పరుచుకుంటే ఒకలా ఉంటది, సన్నటి మెత్త మీద ఒకేచోట ఆనితే ఇంకోలా ఉంటది. అందుకే సస్పెన్షన్ పట్టీ (బ్యాండ్ కింద వేలాడుతూ నెత్తి మీద పరుచుకునే వెడల్పాటి పట్టీ) ఉన్నవి నేను 450 గ్రాములవి కూడా మూడు గంటలు పెట్టుకోగలుగుతున్నా, పట్టీ లేని 350 గ్రాములది ఒకటి నెత్తిలో గుంట పెట్టింది.

క్లాంప్, అంటే పక్కల నుంచి తలని నొక్కే బిగువు కూడా చూడాలి. పక్కల నుంచి గట్టిగా పట్టుకుంటే నెత్తి మీద భారం తగ్గుద్ది కానీ దవడ నొప్పి పుడుద్ది, వదులైతే భారమంతా నెత్తికే. కొత్తవి బిగుతుగా ఉంటే రాత్రిపూట తలంత వెడల్పున్న పుస్తకాల దొంతరకి తొడిగి వదిలేయండి, నాలుగైదు రోజుల్లో సడలుద్ది. ప్లాస్టిక్ బ్యాండ్‌ని మాత్రం చేత్తో వంచొద్దు, విరుగుద్ది.

ఇక హైప్ అంటారా, హెచ్‌డీ 600 వచ్చింది 1997లో. ఇప్పటికీ అమ్ముతున్నారు, ప్యాడ్‌లు, పైమెత్త, కేబుల్ అన్నీ విడిగా దొరుకుతాయి. ఇన్నేళ్లు నిలబడిందాని గురించి జనం చెప్పేదానికీ, పోయినవారం వచ్చిందాని గురించి చెప్పేదానికీ నేనైతే తేడా చూస్తా.

హైరెస్_రాత్రులు:
నేను ఒప్పుకోను అన్నా. బరువు చూసి మంచి సౌండ్ వదిలేసుకోవడం నాకైతే బాధగానే ఉంటది. నా దగ్గరున్నది 650 గ్రాములు, మూడేళ్లయింది, తల ఆనించుకునే కుర్చీలో వెనక్కి వాలి వింటా, రోజుకి గంటన్నర, అంతే. నడుస్తూ, పని చేసుకుంటూ వినేదానికి అది కాదు, దాని ముందు కూర్చుని వినాలి. నాకు ఆ గంటన్నర రోజు మొత్తంలో దేనికీ సాటిరాదు. ఇంకోటి, మీరు మూడు నెలలు వాడాను అన్నారు కదా, బర్న్ ఇన్, అంటే కొత్తదాన్ని చాలా గంటలు మోగించి కుదుటపడనివ్వడం, సరిగ్గా అయ్యిందా? నాది 200 గంటల తర్వాతే విచ్చుకుంది, అంతకుముందు పైస్వరాలు గరుగ్గా ఉండేవి.

వేవ్‌ఫారం:
మిక్సింగ్ పని చేస్తా, రోజూ ఆరేడు గంటలు చెవుల మీదే ఉంటాయి కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తా, ఎవరూ ఏమనుకోవద్దు. బర్న్ ఇన్ వల్ల విచ్చుకుంది అన్నదాంట్లో చాలావరకు రెండు సంగతులున్నాయి. ఒకటి ప్యాడ్‌లు మెత్తబడి అణగడం, దానివల్ల డ్రైవర్ (సౌండ్ పుట్టించే భాగం) చెవికి దగ్గరవుద్ది, సీల్ మారుద్ది, సౌండ్ కొలిస్తే కూడా తేడా కనపడుద్ది. రెండోది మన మెదడు ఆ సౌండ్‌కి అలవాటుపడడం. అది తెలియాలంటే వారం రోజులు వేరేది విని మళ్లీ దీనికి రండి, ఆ గరుకు మళ్లీ వినపడుద్ది.

పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేయకపోతే ఆ పోలిక లెక్కలోకి రాదు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా మనకి అది ఎక్కువగా ఉందనిపించదు, బాగుందనిపిస్తది, అక్కడే అందరం పడిపోతాం. నేనూ పడ్డా. కొత్త ఆంప్ (హెడ్‌ఫోన్‌కి సిగ్నల్ పెంచి ఇచ్చే పెట్టె) కొని స్టేజ్, అంటే పాట చుట్టూ పరుచుకున్నట్టుండే జాగా, వెడల్పయ్యిందని నమ్మా, తర్వాత మీటర్ పెట్టి రెండిటినీ ఒకే లెవెల్‌కి తెచ్చి, మార్చేది ఎవరో ఒకరిని పెట్టి కళ్లు మూసుకుని వింటే ఏది ఏదో చెప్పలేకపోయా. ఆంప్ తిరిగిచ్చేశా.

రేటు ఎక్కువైతే సౌండ్ బాగుంటదా అనేదాని మీద 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడి పేపర్ వచ్చింది, 283 హెడ్‌ఫోన్లు కొలిచి చూస్తే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ (కింది స్వరం నుంచి పైస్వరం దాకా ఏది ఎంత గట్టిగా వినిపిస్తుందనే కొలత) ధరకీ సంబంధం కనపడలేదు. అట్లాగే షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ అనే పరిశోధకులు హర్మన్ అనే ఆడియో కంపెనీలో చాలామందిని కూర్చోబెట్టి వినిపించి హర్మన్ టార్గెట్, అంటే ఎక్కువమందికి నచ్చే సౌండ్ కొలత, తయారు చేశారు, అందులో సుమారు 64 శాతం మందికి ఆ టార్గెట్ నచ్చింది, 15 శాతానికి ఇంకా బేస్ కావాల్సొచ్చింది, 21 శాతానికి తక్కువ కావాల్సొచ్చింది. అంటే ముగ్గురిలో ఒకరికి సగటు నచ్చదు! ఇంకెందుకు ఇన్ని గొడవలు, ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, ఎవరికి వినపడింది వాళ్లు చెప్తున్నారు.

హైరెస్_రాత్రులు:
వేవ్‌ఫారం అన్నా, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ ఒక్కటే సౌండ్ అంటే నేను నమ్మను. ఒకే టార్గెట్‌కి ఈక్వలైజ్ చేసిన రెండు హెడ్‌ఫోన్లు నా దగ్గర రెండు రకాలుగా వినపడతాయి. బర్న్ ఇన్ మాత్రం మీరు చెప్పినట్టు పాత ప్యాడ్‌లూ కొత్త ప్యాడ్‌లూ మార్చి చూస్తా, అడిగింది న్యాయంగానే ఉంది.

వేవ్‌ఫారం:
రెండు రకాలుగా వినపడతాయి, అది నిజమే తమ్ముడూ. ఈక్వలైజ్ చేసింది కొలత యంత్రం చెవి మీద, నీ చెవి మీద కాదు. చెవి డొప్ప ఆకారం, లోపలి గొట్టం పొడవు మనిషికొక రకం, 8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే పైస్వరాల్లో, ఒకే హెడ్‌ఫోన్ నీకు కోసినట్టుంటే నాకు మెత్తగా ఉండొచ్చు. ప్యాడ్ ఒక అర సెంటీమీటర్ ముందుకు జరిపి విను, ఎంత మారుద్దో నువ్వే చెప్తావు.

చిన్నచెవి:
చెవి ఆకారం మాటొచ్చింది కాబట్టి రాస్తున్నా, ఎన్నాళ్ల నుంచో చెప్పాలనుకుంటున్న మాట. ఇయర్‌ఫోన్ రివ్యూల్లో ఫిట్ అద్భుతం అని రాసేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు, వాళ్ల చెవులు పెద్దవి. నాకు ఎక్స్‌ట్రా స్మాల్ టిప్ (చెవిలో దూరే రబ్బరు తొడుగు) తప్ప పట్టదు, నాజిల్ (ఆ తొడుగు ఎక్కించే గొట్టం) లావుగా ఉంటే టిప్ ఏదైనా ఒకటే, ఇరవై నిమిషాలకి చెవి లోపల మంట. ప్రతి రెండు మూడు నెలలకీ ఒక కొత్త మోడల్ వస్తది, ఇంతకుముందువన్నీ చెత్త అంటారు, అట్లా నమ్మి నాలుగు కొన్నా, నాలుగూ డబ్బాల్లోనే ఉన్నాయి. వాటి సౌండ్ ఎలా ఉందంటే చెప్పలేను, సరిగ్గా చెవిలో కూర్చుంటే కదా తెలిసేది.

కమ్మలు కూడా. ఓవర్ ఇయర్ పెట్టుకుంటే ప్యాడ్ వచ్చి కమ్మ మీద నొక్కుతుంది, శీల చెవి వెనక గుచ్చుకుని తమ్మె ఎర్రబడిపోతుంది. జుట్టు ముడి వేసుకుంటే బ్యాండ్ ముందుకు జారుతుంది. ఇవి ఏ రివ్యూలోనూ ఒక్క వాక్యం కూడా ఉండవు. దయచేసి రివ్యూలు రాసేవాళ్లు ఇక్కడ ఎవరన్నా ఉంటే ప్యాడ్ లోపలి వెడల్పు, లోతు, నాజిల్ మందం స్కేలుతో కొలిచి రాయండి. సౌండ్ గురించి పది పేరాలు రాసేటప్పుడు ఈ మూడు అంకెలు రాయడానికి ఎంతసేపు పడుతుంది.

దూరపుచుక్క:
చిన్నచెవి అక్కా మంచిగ చెప్పినవ్. నేను రోజు మొత్తం కాల్స్‌ల ఉంటా, క్లోజ్డ్ లెదర్ ప్యాడ్ పెట్టుకుంటే గంటలనే చెవులు ఉడికిపోతయ్, చెమటకి ప్యాడ్ పొట్టు లేసి మెడ మీద నల్లగ అంటుకుంటది. మస్తు తిరిగి తిరిగి ఆఖరికి కాస్ పోర్టా ప్రో అనే తేలికపాటి హెడ్‌ఫోన్ దగ్గర ఆగిన. అది 1984ల వచ్చిన డిజైన్, ఇప్పటికీ అట్లనే అమ్ముతున్నరు, పెట్టుకున్నట్టే అనిపియ్యదు. బేస్ కొంచెం ఎక్కువ, బయటి చప్పుడు మొత్తం వినొస్తది, బస్సుల పనికిరాదు, అది ఒప్పుకుంట. గని పొద్దుగాల పెట్టుకుంటే సాయంత్రం దాక యాది కూడ రాదు నాకు, గంతకంటే ఏం గావాలె. ఫోరం అంతా ఫ్లాగ్‌షిప్‌ల (కంపెనీల ఖరీదైన పెద్ద మోడళ్ల) ముచ్చటే ఉంటది కాబట్టి ఇన్నిరోజులు చెప్పబుద్ధి గాలె.

పాతటేపు:
నాకు 58 ఏళ్లు బాబూ. వినికిడి పరీక్ష చేయించుకుంటే పైస్వరాలు బాగా పడిపోయాయని తేలింది, వయసుతో అందరికీ వచ్చేదే. అందుకని మీరంతా చెవులు కోస్తుంది అనే హెడ్‌ఫోన్ నాకు సరిగ్గా సరిపోయింది, పిల్లలు పెట్టుకుని అమ్మో అని తీసేశారు. ఎవరి మాట నిజం? ఇద్దరిదీ. కాబట్టి అభిప్రాయం రాసేటప్పుడు వయసు కూడా రాస్తే చదివేవాళ్లకి ఉపయోగం.

ఓపెన్ బ్యాక్ అనేది 1968లో సెన్‌హైజర్ హెచ్‌డీ 414తో జనంలోకి వచ్చింది, స్పాంజి మెత్తలు, చాలా తేలిక. వెనక తెరిచి పెడితే గాలి ఆడుతుంది, చెవి ఉక్కపొయ్యదు, నేను ఓపెన్ తప్ప వాడను. అయితే ఒక జాగ్రత్త. బయట రణగొణగా ఉన్నచోట ఓపెన్ పెట్టుకుంటే తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ గంటలు సగమైపోతాయి. పోయిన వినికిడి మళ్లీ రాదు, నేను కుర్రతనంలో చేసిన పని మీరు చేయకండి.

నెమలిఈక:
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్ అండి. వారం తర్వాత వచ్చి రాస్తున్నా. నా ప్లానార్ కొనుక్కున్న ఫ్రెండ్ దగ్గరకెళ్లి ఒకరోజుకి అడిగి తెచ్చుకున్నా, సోల్డర్_వాసన గారు చెప్పిన సస్పెన్షన్ పట్టీ తగిలించి, హైరెస్ తమ్ముడు చెప్పినట్టు తల ఆనించే కుర్చీలో కూర్చున్నా. నెత్తి నొప్పి రాలేదు, ఇది మాత్రం ఆశ్చర్యం. గంటా పది నిమిషాలకి మెడ మళ్లీ పట్టింది, అంటే పట్టీ బరువుని పరిచింది గానీ తగ్గించలేదు కదా. వయొలిన్ మాత్రం అదే వయొలిన్, తిరిగిచ్చేటప్పుడు మనసొప్పలేదు.

వేవ్‌ఫారం గారి మాట విని వాల్యూమ్ సమానం చేసి నా పాతదాంతో కూడా పోల్చా. ఊపిరి పాతదాంట్లోనూ ఉంది, ఇంతకుముందు అంత శ్రద్ధగా వినలేదు నేను. కింది స్వరాల బిగువు మాత్రం ప్లానార్‌దే, దాంట్లో సందేహం లేదు.

ఇప్పుడు 400 గ్రాముల లోపు, పట్టీ ఉన్న ఓపెన్ బ్యాక్ ప్లానార్‌లు చూస్తున్నా. ఎవరి దగ్గరన్నా ఉంటే ప్యాడ్ లోపలి వెడల్పు, లోతు స్కేలు పెట్టి కొలిచి చెప్పండి, చిన్నచెవి గారు అడిగిన నాజిల్ కొలతలు కూడా ఇక్కడే పెడితే నేను అన్నీ ఒకచోట రాసి మొదటి పోస్టులో కలుపుతా. నాదానిది నేనే ముందు రాస్తున్నా, లోపలి వెడల్పు 5.5 సెంటీమీటర్లు, లోతు 2, ప్యాడ్‌లు ఏడాది పాతవి, కళ్లజోడు లేదు, వయసు 34.

కళ్లజోడు_23:
నాది 6, లోతు 2.2, వెలూర్, జోడుంది, 41 ఏళ్లు. మిగతా రెండిటివి రేపు కొలిచి పెడతా.