కుటుంబమంతా కలిసి విల్లా రిసార్ట్‌కి వెళ్తున్నాం: బుక్ చేసే ముందు ఏం చూసుకోవాలి?

నందివర్ధనం:
ఈసారి సెలవులకు హోటల్ గదులు వద్దు, విల్లా తీసుకుందాం అని ఇంట్లో అందరూ ఒక్కమాట మీద ఉన్నారు. అమ్మానాన్న, అత్తయ్య, మా ఆడపడుచు కుటుంబం, మేము, పిల్లలు. చిన్నదానికి ఇంకా మూడేళ్లు నిండలేదు. నాన్నకి మోకాళ్ల నొప్పులు. నాలుగు బెడ్‌రూమ్‌లు, సొంత పూల్, వంటగది ఉన్న విల్లా ఒకటి చూశాను, ఫొటోల్లో బాగానే ఉంది. కానీ బుక్ చేసేది నేనే, తేడా వస్తే మాట పడేదీ నేనే. అందుకే టెన్షన్. కుటుంబంతో ఇలా ఉండి వచ్చినవాళ్లు చెప్పండి. డబ్బు కట్టకముందే ఏం అడగాలి? అక్కడికి వెళ్లాక ఏది ఇబ్బంది పెట్టింది?

పెద్దకోడలు:
ముందు ఫ్లోర్ ప్లాన్ పంపమని అడగండి. ఫొటోలతో సరిపెట్టుకోవద్దు. నాలుగు బెడ్‌రూమ్‌లలో కింద ఉన్నవి ఎన్ని, కింది గదికి బాత్రూమ్ అటాచ్డా కాదా అన్నదే మీ నాన్నగారికి ముఖ్యం. మేము ఉన్న విల్లాలో కింద హాలు, వంటగది, పడకగదులన్నీ పైన. మా మామగారు పొద్దున కిందికి దిగితే మళ్లీ రాత్రికే పైకెక్కేవారు. మధ్యాహ్నం నడుం వాల్చాలన్నా హాల్లో కుర్చీలోనే. అంత దూరం వెళ్లింది ఆయనకు విశ్రాంతి ఇవ్వడానికే కదా, నాకు చాలా బాధనిపించింది.

బాత్రూమ్‌లో టబ్ లోపలికి దిగి స్నానం చేయాలా, నేల మీదే షవర్ ఉందా అన్నదీ కనుక్కోండి. మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లకు టబ్ అంచు దాటడమే పెద్ద పని, పైగా తడి కాలు జారుతుంది.

ఇంకోటి. 'పది మంది ఉండొచ్చు' అని రాస్తారు. అందులో ఇద్దరిని హాల్లో సోఫా బెడ్ మీద లెక్క వేసి ఉండొచ్చు. హాల్లో పడుకున్నవాళ్లు అందరూ పడుకునేదాకా పడుకోలేరు, మొదట లేచినవాళ్లతోపాటే లేవాలి. ఏ గదిలో ఎలాంటి మంచాలున్నాయో రాతపూర్వకంగా తీసుకుని, ఎవరికి ఏ గదో బయలుదేరకముందే చెప్పేయండి. అక్కడికి వెళ్లాక తలుపు దగ్గర నిలబడి పంచుకుంటే ఎవరో ఒకరు మనసు కష్టపెట్టుకుంటారు.

రేపటి_బస్సు:
నేను వేరేలా చెప్తాను. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్నప్పుడు హోటల్లో పక్కపక్క గదులు తీసుకోవడమే నయం. విల్లా అంటే ఇంకో ఇల్లు. ఊడవడం తప్ప అన్నీ మనమే చేసుకోవాలి. కొన్నిచోట్ల అదీ మనమే.

సముద్రపుగాలి:
రేపటి_బస్సు గారు చెప్పినదాంట్లో నిజముంది, అయినా నేను విల్లానే ఎంచుకుంటాను. హోటల్ గదిలో పాప పడుకుంటే లైటు ఆర్పేసి మేమిద్దరం చీకట్లో గుసగుసలాడుకుంటూ కూర్చోవాలి. విల్లాలో పిల్లల్ని పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేస్తే, ఆ తర్వాత పెద్దవాళ్లందరం వరండాలో కూర్చుని అర్ధరాత్రి దాకా మాట్లాడుకున్నాం. మా అత్తగారు తన చిన్నప్పటి సంగతులు, ఇన్నేళ్లలో మాకెవ్వరికీ తెలియనివి, అక్కడే చెప్పారు. గదులు వేరువేరుగా ఉండుంటే ఆ కబుర్లు మాకు దొరికేవి కావు.

కానీ వంట సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి, ఇది గట్టిగా చెప్తున్నాను. వంటగది ఉందంటే ఆటోమేటిగ్గా ఆడవాళ్లు అందులోకి వెళ్లిపోతారు. మిగతావాళ్లు పూల్‌లో ఉంటారు, గిన్నెల దగ్గర మనం. అది సెలవు కాదు. మేము చేసింది: పొద్దున తేలికగా విల్లాలో, మధ్యాహ్నం బయట, రాత్రి వంట జంటలవారీగా వంతులు. వంట చేసిన జంట గిన్నెలు కడగదు. మా మరిది మొదట నసిగాడు గానీ తన వంతు రోజు అందరికంటే ఎక్కువ హడావుడి చేసింది అతనే. వంటింట్లో ఏమేం సామాను ఉన్నాయో ముందే అడగండి. నలుగురికి సరిపడా గిన్నెలు పెట్టి పది మందికి విల్లా అద్దెకిస్తారు. పెద్ద గిన్నె ఒకటి, మంచి కత్తి ఒకటి ఇంటి నుంచి తీసుకెళ్తే చాలా నయం.

నీళ్లమనిషి:
నందివర్ధనం గారూ, మీరు పూల్ గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. మూడేళ్లు నిండని పాప ఉన్నప్పుడు మొదటి ప్రశ్న అదే కావాలి. నా ఉద్యోగం పూల్స్ నిర్వహణలోనే, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లు సుమారు 3 లక్షలు. అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలు. అందరూ పూల్స్‌లో పోయినవాళ్లు కారు, చెరువులు, బావులు, నదులు అన్నీ కలిపిన లెక్క. కానీ సొంత పూల్ ఉన్న విల్లాలో ప్రమాదం గుమ్మం ముందే ఉంటుంది. మునిగిపోతున్న పిల్ల కేకలు వేస్తుందని, చేతులు ఊపుతుందని అనుకుంటాం. ఊపిరే అందనప్పుడు కేక ఎక్కడిది? చప్పుడు కాకుండా, నిమిషం తిరిగేలోపు అయిపోవచ్చు. చిన్నపిల్లల విషయంలో చాలాసార్లు ఇది జరిగేది అందరూ ఈత ముగించి లోపలికి వచ్చేశాక, పిల్ల పూల్ దగ్గర ఉందని ఎవరూ అనుకోని సమయంలో.

అందుకని అడగాల్సింది ఇది: పూల్ చుట్టూ నాలుగు వైపులా కంచె ఉందా? కనీసం 4 అడుగులు, అంటే 1.2 మీటర్ల ఎత్తు ఉండాలి. గేటు దానంతటదే మూసుకుని, దానంతటదే గడియ పడాలి. మూడు వైపులా కంచె వేసి నాలుగో వైపు ఇంటి గోడనే వదిలేస్తే, హాలు తలుపు తీసుకుని పాప నేరుగా నీళ్ల దగ్గరికే వెళ్తుంది. అలాంటి విల్లా అయితే మీ పరిస్థితిలో నేనైతే తీసుకోను. ఎంత బాగున్నా సరే.

పెద్దవాళ్లు ఎక్కువమంది ఉన్నారు కదా అని ధైర్యపడకండి. ఎక్కువమంది ఉన్నప్పుడే 'ఎవరో చూస్తున్నారులే' అనుకుంటారు. ఒక పావుగంట ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు, పేరుపెట్టి చెప్పి అప్పగించాలి. ఆ పావుగంట ఫోన్ చేతిలో ఉండకూడదు, పుస్తకం కూడా. పాప చేతికి అందేంత దూరంలో ఉండాలి. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆటవస్తువులే, రక్షణ పరికరాలు కావు. ఈత అయిపోగానే బొమ్మలు, బంతులు అన్నీ నీళ్లలోంచి తీసేయండి. అవి తేలుతూ కనబడితే పిల్లలు వాటికోసమే వెళ్తారు.

దిగేముందు అడుగున ఉన్న డ్రెయిన్ మూత చూడండి. నీళ్లు అది స్పష్టంగా కనబడేంత తేటగా లేకపోయినా, మూత విరిగినా, ఊడినా ఎవర్నీ దిగనివ్వొద్దు. 2002లో అమెరికాలో ఏడేళ్ల పాపను హాట్ టబ్ (వేడినీళ్ల తొట్టి) డ్రెయిన్ నీళ్లను లాగే బలంతో పట్టేసుకుంది, పైకి లాగలేకపోయారు. ఆ పాప పేరుతోనే అక్కడ 2007లో డ్రెయిన్ మూతల మీద చట్టం తెచ్చారు.

చిన్నపొట్లం:
నీళ్లమనిషి గారూ, చాలా థాంక్స్. పూల్ నీళ్లు బాగున్నాయో లేదో మామూలువాళ్లం ఎలా తెలుసుకోవాలి? మేము వెళ్లినచోట క్లోరిన్ వాసన గుప్పుమంటుంటే శుభ్రంగా ఉందని సంతోషించాం.

నీళ్లమనిషి:
ఆ ఘాటు వాసన శుభ్రతకు గుర్తు కాదండీ. చెమట, మూత్రం లాంటివాటితో క్లోరిన్ కలిసినప్పుడు వచ్చే వాసన అది. పరీక్షించే స్ట్రిప్స్ దొరుకుతాయి, నీళ్లలో ముంచి రంగు చూడటమే. పూల్‌లో క్లోరిన్ కనీసం 1 పీపీఎం (పది లక్షల భాగాల నీళ్లలో ఒక భాగం), హాట్ టబ్‌లో కనీసం 3, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 7 నుంచి 7.8 మధ్య ఉండాలి. హాట్ టబ్ 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. ఐదేళ్లలోపు పిల్లల్ని అందులో కూర్చోబెట్టొద్దు. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే దిగాలి.

పిల్లలెవరికైనా విరేచనాలు అవుతుంటే పూల్‌లోకి దింపకండి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సరిగ్గా క్లోరిన్ వేసిన నీళ్లలో కూడా వారానికి పైగా బతుకుతుంది.

మూడోతరం:
నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి కలుపుతాను. విల్లా కొన్ని వారాలు ఖాళీగా ఉండి ఉంటే పైపుల్లో నిలవ నీళ్లలో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరగొచ్చు. అది తాగితే కంటే తుంపరగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే ఎక్కువ ప్రమాదం, పెద్ద వయసువాళ్లకు మరీను. వెళ్లగానే కిటికీలు తీసి, కుళాయిలు, షవర్లు కొన్ని నిమిషాలు వదిలేసి, ఆ గదిలోంచి బయటికి వచ్చేయండి.

గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపలే ఉంటే మాత్రం అసలు వాడకండి, గది మార్చమనండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీసే విషవాయువు, దానికి రంగు లేదు, వాసన లేదు. దాన్ని పసిగట్టే, బ్యాటరీతో పనిచేసే చిన్న అలారం దొరుకుతుంది, నేను ఎక్కడికి వెళ్లినా బ్యాగులో పెట్టుకునే వెళ్తాను.

చిన్నపొట్లం:
నా అనుభవం వేరే రకం. చెక్-ఇన్ దగ్గర చాలా మర్యాదగా మాట్లాడి, 'రేపు పొద్దున గంటన్నర మా ప్రెజెంటేషన్‌కి రండి, ఒక పూట భోజనం ఉచితం' అన్నారు. మా ఆయన సరే అన్నారు. ఆ గంటన్నర మూడు గంటలు దాటింది. టైమ్‌షేర్ సభ్యత్వం (ముందే డబ్బు కట్టి ఏటా కొన్ని రోజులు రిసార్ట్‌లో ఉండే హక్కు) అమ్మడానికి ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చున్నారు, ఈరోజే సంతకం చేస్తే ఇంత తగ్గింపు అంటూ. బయట పిల్లలు మాకోసం ఎదురుచూస్తున్నారు. మేము ఏమీ కొనలేదు, కానీ ఆ రోజు చేతికి రాకుండా పోయింది.

ఎవరైనా అలా పిలిస్తే రాలేమని నవ్వుతూ చెప్పేయండి, చాలు. ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్ ఫీజు, అది ఏటా పెరగొచ్చన్న సంగతి, మానేయాలంటే ఎలా అన్నది అడగకుండా సంతకం పెట్టొద్దు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో టైమ్‌షేర్ ఒప్పందం చేసుకున్నాక 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే రద్దు చేసుకునే హక్కుంది. వేరేచోట్ల గడువు వేరేగా ఉంటుంది, కాగితం చదవాలి.

రేపటి_బస్సు:
అన్నీ చదివాను. ఒకటి ఒప్పుకుంటాను, రాత్రి కబుర్ల సంగతి హోటల్ గదులతో కుదరదు. అయితే మధ్యేమార్గం ఒకటుంది. కొన్ని రిసార్టుల్లో లాక్-ఆఫ్ విల్లాలని ఉంటాయి. ఒకే విల్లాలో రెండు భాగాలు, మధ్యలో తలుపు, రెండింటికీ విడిగా బయటి తలుపులు. పెద్దవాళ్లు ఒక భాగంలో ప్రశాంతంగా ఉంటారు, కావాలంటే మధ్య తలుపు తీసుకుంటే అందరూ ఒకే ఇంట్లో ఉన్నట్టే. చిన్న భాగంలో పూర్తి వంటగది ఉండకపోవచ్చు, అది చూసుకోండి.

నందివర్ధనం:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రిసార్ట్‌కి మెయిల్ రాశాను. ఫ్లోర్ ప్లాన్, మంచాల వివరాలు, పూల్ కంచె ఫొటో, గీజర్ ఏ రకమో అడిగాను. కింద ఒక బెడ్‌రూమ్, బాత్రూమ్ ఉన్నాయట. పూల్‌కి మాత్రం మూడు వైపులే కంచె, నాలుగో వైపు హాలు అద్దాల తలుపు. నీళ్లమనిషి గారు చెప్పినట్టే ఆ విల్లా వదిలేశాను. అదే రిసార్ట్‌లో సొంత పూల్ లేని విల్లా ఉంది, లైఫ్‌గార్డ్ ఉండే ఉమ్మడి పూల్‌కి నడిచి వెళ్లాలి. పెద్దవాడు కాస్త అలిగాడు గానీ దాన్నే తీసుకుంటున్నాం. ఒక్క సందేహం మిగిలింది: సెక్యూరిటీ డిపాజిట్ చాలా ఎక్కువ అడుగుతున్నారు. తిరిగి వస్తుందా?

పెద్దకోడలు:
మంచి పని చేశారు. లైఫ్‌గార్డ్ ఉన్నా పాప పక్కన మీలో ఒకరు ఉండాల్సిందే.

డిపాజిట్ ఎన్ని రోజుల్లో, ఏ కారణాలకు పట్టుకుని ఎంత ఇస్తారో మెయిల్‌లోనే రాయించుకోండి. సామాను లోపల పెట్టకముందే ఒకరు ఫోన్‌తో ప్రతి గదీ వీడియో తీయాలి: గోడల మరకలు, సోఫా చిరుగులు, గ్లాసులు, టీవీ, మంచం కింద కూడా. విరిగినది కనబడితే ఆ గంటలోనే రిసెప్షన్‌కి మెసేజ్ పంపండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. ఖాళీ చేసేటప్పుడు వాళ్ల మనిషిని పిలిచి, పక్కన ఉండగానే మళ్లీ వీడియో తీయండి. మాకు విరిగిన కుర్చీకి డబ్బు పట్టుకుంటామన్నప్పుడు మొదటిరోజు వీడియో పంపితే ఇంకో మాట లేకుండా మొత్తం తిరిగి వేశారు.