క్రిస్పర్ బీపీటీ వస్తే వేస్తారా, తింటారా?

బెంజిసర్కిల్_బుల్లోడు:
2025 మేలో కేంద్రం ‘కమల’ అనే వరి రకాన్ని ప్రకటించింది. హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ వాళ్లు క్రిస్పర్ అనే జన్యువుల్ని కత్తిరించే టెక్నాలజీతో మన బాపట్ల బీపీటీ 5204 (సాంబ మసూరి) జన్యువుల్లో మార్పు చేసి తెచ్చారు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ‘విషం బియ్యం’ అంటూ ఒకటే ఫార్వర్డులు. తెలిసినవాళ్లు చెప్పండి.

విత్తనాల_వెంకి:
విషమేంటి బాసూ! బీటీ పత్తిలో అయితే మట్టి బ్యాక్టీరియా జన్యువు తెచ్చి పెట్టారు. ఆ ప్రోటీన్ తిన్న పురుగు పేగుకు చిల్లులు పడి చస్తుంది. కమలలో అలా బయటి జన్యువు లేదు. కంకికి గింజలు పట్టించే సైటోకైనిన్ హార్మోన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి వరిలోనే ఉంటుంది. దాని జన్యువును కత్తిరించి పనిచేయకుండా చేశారు, అంతే. ఇలాంటివాటికి 2022లోనే జన్యుమార్పిడి (జీఎం) నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు.

ప్రత్తిపాడు_రైతు:
2002లో బీటీ వచ్చినప్పుడూ ఇలాగే ఊదరగొట్టారు. మొదట్లో శనగపచ్చ పురుగు మందు ఖర్చు తగ్గింది, కాదనను. ప్యాకెట్ మాత్రం 1,600 పైనే. 2006లో రాష్ట్ర ప్రభుత్వం కొట్లాడితే 750కి దిగింది. ఇప్పుడేమో గులాబీ పురుగు. రేకలు విచ్చుకోకుండా గుడ్డిపూలు, కాయ చీలిస్తే గింజలో పురుగు.

విత్తనాల_వెంకి:
బీటీకి అలవాటుపడని పురుగులూ కొన్ని బతకాలని ప్యాకెట్‌తో ఇచ్చిన బీటీ కాని గింజలు చుట్టూ వేయమంటే ఎంతమంది వేశారు బాబాయ్? అవి వేసుంటే పురుగు ఇంత త్వరగా మొండికేసేది కాదు.

ప్రత్తిపాడు_రైతు:
కౌలు కట్టే నేల నాయనా అది. పురుగుకు మేత వేయమంటే ఏ కౌలు రైతు వేస్తాడు?

గుంటూరు_డాక్టరమ్మ:
జన్యుమార్పిడి బ్యాక్టీరియా చేసిన ఇన్సులిన్‌ని షుగర్ పేషెంట్లు 1982 నుంచే వాడుతున్నారు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా జన్యుమార్పిడి ఈస్ట్‌లో తయారైందే. బీటీ పత్తి గింజల నూనె ఎప్పుడో మన వంటింట్లోకి వచ్చేసింది. నాకు అభ్యంతరం ఉన్నది ఒక్కచోటే: 2018లో చైనాలో పిండాల జన్యువులు మార్చి పిల్లల్ని పుట్టించారు. ఆ పిల్లల్నెవరడిగారు?

బెంజిసర్కిల్_బుల్లోడు:
మరి తినేవాడినెవరడిగారు మేడమ్? మిల్లులో ఆ వడ్లూ ఈ వడ్లూ కలిస్తే నేను కొనే సన్నబియ్యం ఏదో ఎలా తెలుస్తుంది? మినహాయింపు ఇచ్చినవాళ్లు బస్తా మీద ఒక ముక్క రాయమనొచ్చుగా.

ప్రత్తిపాడు_రైతు:
నాది వేరే గొడవ. బీపీటీ విత్తనం మా పంటలోంచే ఇంట్లో కట్టుకుని వేస్తాం. దీన్నీ అలా కట్టుకోవచ్చా? ఆ కత్తిరించే టెక్నాలజీ పేటెంట్లు విదేశాల వాళ్లవేగా?

విత్తనాల_వెంకి:
పేటెంట్ల లెక్క ప్రభుత్వమే బయటపెట్టాలి, అది నేనూ అడుగుతున్నా. విత్తనమైతే హైబ్రిడ్ కాదు కాబట్టి మళ్లీ అదే పంటొస్తుంది. 2001 రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం కట్టుకోవచ్చు, బ్రాండ్ పేరుతో అమ్మకూడదు.

ప్రత్తిపాడు_రైతు:
దిగుబడి రాకపోతే పరిహారానికీ సెక్షనుందా?

విత్తనాల_వెంకి:
అదే సెక్షన్లో ఉంది. కానీ ఆ రకం రిజిస్టరై ఉండాలి, చెప్పిన దిగుబడి రాలేదని మీరే చూపించుకోవాలి. బిల్లు పారేయకండి.