సమస్య: “కాలు విరిగినంతఁ గలిగె ముదము”

నిర్వాహకులు, తిరుపతి:

మిత్రులకు నమస్కారం. ఈ వారం పూరణకు ఇచ్చిన పాదం ఆటవెలది నాలుగవ పాదం; ముందున్న మూడు పాదాలూ మీరు కూర్చాలి. ఐదూ సూర్యగణాలే, యతి కా–గ.

మా అక్క కొడుకులిద్దరూ అర్ధరాత్రి దాటాక లేచి విదేశీ ఫుట్‌బాల్ చూసేవారు. తమ జట్టులో మధ్యస్థానంలో ఆడే ముఖ్యమైన ఆటగాడి పాదానికి దెబ్బ తగిలిందన్న వార్త విన్న నాటినుండి వారికి అన్నం సరిగా సయించడం లేదు. “ఎదుటి జట్టు అభిమానులు సంతోషిస్తున్నారు మామా” అని చిన్నవాడు గద్గదంగా అన్న మాటనుండే ఈ పాదం పుట్టింది. అందువల్ల పూరణ ఆటగాడి కాలి దెబ్బకు సంబంధించినదై ఉండాలని కోరుతున్నాను. భీముని గద, దుర్యోధనుని తొడ అందరికీ వెంటనే తట్టే దారి కనుక ఈసారికి అటు వెళ్లవద్దని మనవి.

సమస్యలో “పాదం” అనకుండా “కాలు” అన్నందుకు అభ్యంతరం రావచ్చు. తెలుగులో కాలు అంటే తొడనుండి వేలిదాకా అంతా కాలే; కాళ్లు కడుక్కోమంటే మనం పాదాలే కడుక్కుంటాం. ఆటగాళ్లకు తరచుగా విరిగే మెటాటార్సల్ ఎముకలు ఉండేది మీఁగాలిలో, అంటే చీలమండకూ వేళ్లకూ నడుమనున్న పైభాగంలో. పాదానికి ఉన్న 26 ఎముకలలో ఇవి ఐదు. మధ్యస్థానపు ఆటగాడు ఒక్క ఆటలో సుమారు 10 నుండి 12 కిలోమీటర్లు పరుగెత్తుతాడు. ఆ పరుగులో ప్రతి మలుపు భారమూ ఈ సన్నని ఎముకలమీదనే పడుతుంది.

ప్రతి పూరణనూ నేను ఒకే ప్రశ్నతో చదువుతాను: ఆ ముదము ఎవరిది? దానికి పద్యంలోనే జవాబు దొరకాలి.

చంద్రగిరి మాస్టారు:

పక్క బల్ల మీఁదఁ బడియున్న కుర్రాఁడు
మూఁడు నెలలు వేచి మొదటిసారి
యాడు వేళ దొరికె నయ్యయో నాయకు
కాలు విరిగినంతఁ గలిగె ముదము

జట్టులో చోటు దొరకక పక్కన కూర్చునే పిల్లవాడి మనసును చెప్పదలచాను. “అయ్యయో” అన్నది అతని బాధే; సంతోషమూ బాధా ఒకేసారి కలిగాయని నా భావం.

నిర్వాహకులు:

మాస్టారూ, భావం చాలా నచ్చింది. పెద్ద ఆటగాడు కుంటుతూ బయటికి వచ్చేటప్పుడు లోపలికి పరుగెత్తే పిల్లవాడి ముఖాన్ని నేనూ టీవీలో చాలాసార్లు గమనించాను; ఆ ముఖంలో నవ్వు ఉండదు, కాని కళ్లలో వెలుగు దాగదు. “అయ్యయో” సరిగ్గా పడింది.

అన్వయం మాత్రం కుదరలేదు. “కుర్రాఁడు” ప్రథమలో ఉంది. దానికి తగిన క్రియ పద్యం మొత్తంలో లేదు. దొరికినది వేళ, కలిగినది ముదము. పైగా “వేచి” అన్న క్త్వార్థానికి, అంటే అసమాపక క్రియకు, కర్త పిల్లవాడు కాగా “దొరికె” అన్న సమాపకక్రియకు కర్త వేళ అయింది. రెండింటికీ ఒకే కర్త ఉండాలన్న నియమం తమరు నాకు చెప్పినదే. ఇలా మారిస్తే రెండు చిక్కులూ తీరుతాయి:

పక్క బల్ల మీఁదఁ బడియున్న వానికి
మూఁడు నెలల పిదప మొదటిసారి
యాడు వేళ దొరికె నయ్యయో నాయకు
కాలు విరిగినంతఁ గలిగె ముదము

చంద్రగిరి మాస్టారు:

సవరణను స్వీకరిస్తున్నాను. తొందరలో కర్తను గాలికి వదిలివేశాను. ధన్యవాదాలు.

శ్రీకాళహస్తి అన్న:

వైరి జట్టువారు వరుసగా నవ్విరి
మధ్యనుండి యాడు మగఁడు కూలఁ
బరుల బాధఁ జూచి పండుగ చేయంగ
కాలు విరిగినంతఁ గలిగె ముదము

నిర్వాహకులు:

అన్నా, మీరు పిల్లవాడు చెప్పిన మాటనే నేరుగా పద్యం చేశారు. కాని నవ్విరి, పండుగ, ముదము అని ఒకే విషయాన్ని మూడు చోట్ల చెప్పడంవల్ల పూరణకు దక్కవలసిన బలం ముందే ఖర్చయింది. “వరుసగా” యతికోసం వచ్చినది తప్ప అర్థానికి ఏమీ కలపడం లేదు. “మగఁడు” అంటే వీరుడన్న పాత అర్థం ఉన్నా, నేటి పాఠకుడికి భర్త అనే స్ఫురిస్తుంది. “మల్లుఁ డొరుగ” అంటే గణమూ యతీ చెడవు.

ఇక మూడవ పాదం చివర “చేయంగ” ద్రుతాంతం, అంటే చివర “న్” దాగి ఉన్న మాట. దాని తరువాత సమస్యలోని “కాలు” “గాలు”గా మారక తప్పదు, ఇచ్చిన పాదాన్ని మార్చే అధికారం పూరకునికి లేదు. “పండుగ చేసిరి” అంటే క్రియ కళాంతమై, అంటే చివర “న్” లేనిదై, చిక్కు తీరుతుంది. ఈ దోషం ప్రతివారం ఇద్దరు ముగ్గురి పద్యాలలోనైనా కనబడుతోంది. ఇచ్చిన పాదం పరుషంతో (క, చ, ట, త, ప) మొదలైతే దాని ముందుమాట చివర “న్” దాగి ఉన్నదేమో ఒక్క క్షణం చూసుకోవాలని అందరికీ మనవి.

మొదటి పాదాన్ని తిరగరాసి మళ్లీ పంపండి.

పుత్తూరు అమ్మ:

కీలు నరము తెగెనొ కీడాయెనో యని
బిక్కచచ్చినారు పిల్లలెల్ల
నెముక యొకటె యనిరి యింతియే కద యని
కాలు విరిగినంతఁ గలిగె ముదము

మా ఊరి పక్కన కట్టు కట్టించుకోవడానికి తమిళనాడు, కర్ణాటకలనుండి కూడా వచ్చేవారిని చిన్నప్పటినుండీ చూస్తున్నాను. బండి దిగగానే వారు ఆత్రంగా అడిగే మొదటి మాట “ఎముక ఒక్కటేనా?” అన్నదే. విరిగిన ఎముక అతుకుతుందన్న నమ్మకం మనవారిలో గట్టిగా ఉంది. తెగిన నరానికి ఆ నమ్మకం లేదు. ఆటను చూసే పిల్లలకూ ఆ భయమే ఉంటుందని ఈ పద్యం రాశాను.

నిర్వాహకులు:

అమ్మా, ఈ పద్యం చదివి లేచి నిలబడ్డాను. కాలు విరిగితే సంతోషం ఎలా కలుగుతుందన్న ప్రశ్నకు ఇంత మానవత్వమున్న జవాబు వస్తుందని సమస్య ఇచ్చిన నేనే ఊహించలేదు. ఇందులో ఎవరి బాధనూ ఎవరూ పండుగ చేసుకోవడం లేదు. పెద్ద కీడు తప్పి చిన్న కీడుతో పోయిందన్న ఊరట ఉంది. ఇది వైద్యపరంగానూ నిజమే. మోకాలిలో ముందువైపు లిగమెంటు, అంటే మనవారు నరమనే కీలు పట్టీ, తెగిన ఆటగాడు మైదానానికి తిరిగి రావడానికి ఆరు నుండి తొమ్మిది నెలలు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మీఁగాలి ఎముక విరిగితే చాలామంది రెండు మూడు నెలలలోనే బంతిని ముట్టుకుంటారు.

దీనికి ఒక మినహాయింపు చెప్పకపోతే తప్పు చేసినవాడినవుతాను. చిటికెన వేలివైపున్న ఐదవ మెటాటార్సల్ ఎముకలో, మొదలుకు కాస్త ముందున్న చోట రక్తప్రసారం తక్కువ. అక్కడ విరిగితే అతకడం ఆలస్యమవుతుంది, ఒక్కొక్కసారి అతకదు కూడా. అందుకే ఆటగాళ్లకు అక్కడ మర బిగించే శస్త్రచికిత్స చేస్తారు. రాబర్ట్ జోన్స్ అనే వైద్యుడు నృత్యం చేస్తుండగా తన పాదానికే తగిలిన ఇలాంటి దెబ్బను 1902లో వివరించడంవల్ల ఎముక అలా విరగడానికి ఆయన పేరే నిలిచింది. కట్టుమీద గౌరవం ఉంచుకుంటూనే, ఆడే పిల్లల పాదం వాచినప్పుడు ముందుగా ఎక్స్‌రే తీయించి ఎముకల వైద్యునికి చూపించమని ప్రాధేయపడుతున్నాను.

పద్యంలో ఒక్క లోపం. “యనిరి” అన్నది ఎవరు? దగ్గరలో ఉన్న బహువచనం పిల్లలే కనుక వారే అన్నట్టు అర్థమవుతుంది. మూడవ పాదంలోకి వైద్యుణ్ణి తీసుకురాగలరేమో చూడండి.

పాకాల తాతగారు:

2002లో ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్‌కు తగిలిన దెబ్బను గుర్తుచేసుకుని రాశాను.

ఎడమ పాద మతికె నెనిమిది వారాలఁ
గుడినిఁ దన్ని గోలు కొట్టి నెగ్గె
నోడి తలలు వంచి రొకనాఁడు వారికే
కాలు విరిగినంతఁ గలిగె ముదము

ఆ సంవత్సరం ఏప్రిల్ 10న మాంచెస్టర్‌లో, స్పెయిన్‌లోని డెపోర్టివో జట్టుకు ఆడుతున్న అర్జెంటీనా దేశీయుడు ఆల్డో డుషర్ అడ్డు తగలడంతో బెక్‌హామ్ ఎడమ పాదంలో రెండవ మెటాటార్సల్ విరిగింది. ప్రపంచకప్పుకు రెండు నెలలైనా లేదు. ఇంగ్లండు దేశమంతా ఒక్క పాదంకోసం మొక్కుకుంది. జూన్ 7న సప్పోరోలో అదే అర్జెంటీనాపై, విరామానికి కాస్త ముందు దొరికిన పెనాల్టీని ఆయనే గోలు చేశారు. ఇంగ్లండు 1–0తో గెలిచింది. మనకు అది సాయంత్రం ఐదింటికి మొదలైన ఆట. అప్పట్లో మా వీధిలో రంగుల టీవీ ఉన్న ఇంట్లో పాతికమందిమి కూర్చుని చూశాం.

మదనపల్లె చెల్లి:

తాతగారూ, ఎడమ కాలు విరగడం, కుడి కాలితో కొట్టడం రెండూ సరిగ్గా చెప్పారు. విరిగిన కాలితోనే గోలు కొట్టాడని చాలామంది పొరబడతారు. కుడి కాలితో తన్నేటప్పుడు ఒంటి బరువంతా మోసేది నేలమీద ఆనిన ఎడమ కాలే కదా! ఆ క్షణంలో ఆయన ఆ పాదాన్ని ఎంతగా నమ్మి ఉండాలో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నిర్వాహకులు:

చెల్లి చెప్పినదానికి నేను కలపవలసినది లేదు. తాతగారి పూరణలో ముదము ఎవరిదో మూడవ పాదంలో స్పష్టంగా ఉంది. ఆ సంతోషం తలవంపుగా మారడమూ ఉంది. అయితే అర్జెంటీనావారు ఆ దెబ్బకు సంతోషించారని మనం నిర్ధారించకూడదు. మీరు పద్యంలో ఏ దేశం పేరూ చెప్పకపోవడం మంచిదైంది. అదే ఏప్రిల్‌లో బెక్‌హామ్ జట్టువాడే అయిన గారీ నెవిల్‌కూ మెటాటార్సల్ విరిగింది. ఆయన ఆ ప్రపంచకప్పు ఆడలేకపోయారు. ఎనిమిది వారాలన్నది ఒక్కరి అదృష్టమే తప్ప సూత్రం కాదు.

నన్ను కలవరపెట్టినది రెండవ పాదం ఎత్తుగడ. “వారాలన్” తరువాత “కుడి” సరళాదేశం పొంది “గుడి” అయింది. వ్యాకరణం నిర్దోషమే. కాని ఏడుకొండలవాని పాదాల చెంత కూర్చుని “గుడినిఁ దన్ని” అని గొంతెత్తి చదవడానికి నాకు నోరు రాదు. ముందున్న ద్రుతాన్ని తొలగిస్తే “కుడి” కుడిగానే నిలుస్తుంది:

ఎడమ పాద మతుక నెనిమిది వారాలె
కుడినిఁ దన్ని గోలు కొట్టి నెగ్గె

పాకాల తాతగారు:

నాయనా, రాసేటప్పుడు నాకా ధ్యాసే లేదు. చదివి చెంపలు వేసుకున్నాను. నీ పాఠమే ఉంచు.

విశ్వవిద్యాలయ విద్యార్థి, తిరుపతి:

ఎక్సురేలు చూడ నెముక చక్కగఁ జేరె
వైద్యు లనుమతింప వచ్చె మరల
మధ్యనుండి బంతి మలుపంగ రిపుపథ
కాలు విరిగినంతఁ గలిగె ముదము

శ్రీకాళహస్తి అన్న:

తమ్ముడూ, “పథ” మూడవ పాదంలో ఉంచి “కాలు” నాలుగవ పాదానికి చేర్చిన తీరు చూసి చప్పట్లు కొట్టాను. కాలు విరగలేదు, ఎదుటివారి పథకాలు విరిగాయి. అయితే “పథకములు” అనవలసినచోట “పథకాలు” వాడుకభాష కాదా?

నిర్వాహకులు:

కాదు. లులనల సంధి ఇక్కడ మనకు అండ. “లు” పరమైనప్పుడు “ము” లోపించి ముందున్న అచ్చు దీర్ఘమవుతుందని బాలవ్యాకరణమే అనుమతిస్తుంది. వికల్పం కనుక రెండు రూపాలూ సాధువులే. పద్యం నడక కూడా ఆటవంటిదే: మధ్యవాడు బంతిని మలిపితే ఎదుటి జట్టు వేసుకున్న వరుసలన్నీ చెదిరిపోతాయి. ఆ ఆటగాడు లేనినాడు జట్టు ఎందుకు చిన్నబోతుందో మూడవ పాదం ఒక్కటే చెబుతుంది. శిల్పం దృష్టితో చూస్తే ఈ వారం దీనికి సాటి వచ్చినది లేదు.

మదనపల్లె చెల్లి:

ఊరు విడిచి యాడ నొకయేఁడు గడచెనే
యింటి కూడు లేక యెండి పోతి
నమ్మ చేతి ముద్ద లందిన యీ వేళ
కాలు విరిగినంతఁ గలిగె ముదము

ఇది ఆటగాడే చెప్పుకునే మాట. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సుపై మన జట్టులో చాలామంది వట్టి కాళ్లతో ఆడి 1–2తో ఓడారని చదివిన నాటినుండి, ఆ పాదాలను ఇంటికి తిరిగి వచ్చాక కడిగిన తల్లుల గురించే ఆలోచిస్తున్నాను.

నిర్వాహకులు:

చెల్లీ, పద్యం నిర్దోషంగా ఉంది. ఆ జట్టు నాయకుడు తాలిమెరెన్ ఆవో వైద్యవిద్య చదువుతూ ఆడినవాడని నీకు తెలిసే ఉంటుంది; పాదం విలువ రెండు విధాలా తెలిసినవాడు. “గడచెనే” చివరి “ఏ”కారం గణంకోసమే వచ్చినా దిగులును పలికిస్తోంది కనుక నేను దాని జోలికి పోను.

ఈ వారం ఏది ఉత్తమమో చెప్పమని ఇద్దరు అడిగారు. శిల్పంలో విద్యార్థి పద్యం ముందుంది. కాని మా మేనల్లుళ్లకు నేను చదివి వినిపించినది పుత్తూరు అమ్మ పద్యం. చిన్నవాడు రెండుసార్లు చదవమన్నాడు.

పుత్తూరు అమ్మ:

ఆ బిడ్డకు నా ఆశీస్సులు. మీరు అడిగినట్టు వైద్యుణ్ణి తీసుకువచ్చాను. యతి వై–వ సరిపోయిందనుకుంటాను.

కీలు నరము తెగెనొ కీడాయెనో యని
బిక్కచచ్చినారు పిల్లలెల్ల
వైద్యుఁ డెముక యొకటె వగవకుఁ డనినాఁడు
కాలు విరిగినంతఁ గలిగె ముదము

నిర్వాహకులు:

సరిపోయిందమ్మా. ఇదే పాఠాన్ని ఉంచుతున్నాను.